పిల్లికి ఇంట వండే చేపల ఆహారం

గౌతమీ గోదావరి ఒడ్డున యానాంలోను, ఒడిశాలో గోపాలపురం, పూరీ సముద్ర తీరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు జాలరి వాడలలోను పిల్లి ఆహారం ఒక సమస్య కాదు. వలలో మిగిలిన చిన్న చేప దానికి చాలు. లోటు ఏదైనా ఉంటే ఎలుకలు, బల్లులు, పిచ్చుకలు తీరుస్తాయి. హోసూరు, బళ్ళారి, షోలాపూరు వంటి లోతట్టు పట్టణాల ఇళ్ళలో పరిస్థితి వేరు. అక్కడ మేడ మీది ఇంట్లో, తలుపుల వెనుక పెరిగే పిల్లికి వేట లేదు. యజమాని పళ్ళెంలో వేసినదే దాని సమస్త ఆహారం. అంగడిలో దొరికే పొట్లాల ఖరీదు భరించలేకనో, ఇంటి వంట మీది నమ్మకంతోనో చాలామంది చేపలు కొని తెచ్చి వండి పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే. అయితే పిల్లి ఇష్టంగా తినేది వేరు, పిల్లిని బ్రతికించేది వేరు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే, రోజూ కడుపు నిండా చేప తింటున్న పిల్లి కూడా కంటిచూపును కోల్పోవచ్చు, గుండె జబ్బుతో మరణించవచ్చు.

పిల్లికి చేపపై ఇష్టం ఎందుకు

పెంపుడు పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల పొడి నేలలలో సంచరించిన అడవి పిల్లులు. వాటి సహజాహారం ఎలుకలు, చిన్న పక్షులు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడినట్లు 2004లో ప్రకటించారు. ధాన్యపు గాదెల వద్దకు ఎలుకల కోసం వచ్చి మనిషికి చేరువైన జంతువు ఇది. నీటిలో చేపలు పట్టి బ్రతికిన జాతి కాదు.

మరి చేప అంటే ఎందుకంత మక్కువ? పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించే గ్రాహకంలో ఒక భాగానికి సంబంధించిన జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. దానికి బదులు మాంసపు రుచిని పట్టే శక్తి మెండుగా ఉన్నది. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారం, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం, ఇనోసినేట్ అనే పదార్థం కలిసినపుడు పిల్లి రుచి గ్రాహకాలు బలంగా స్పందిస్తాయి. ఈ రెండూ తూర వంటి సముద్రపు చేపలలో పుష్కలం. అంటే చేపపై పిల్లికున్నది నాలుక కోరిక. ఆ కోరిక తీరినంత మాత్రాన శరీరానికి కావలసినవన్నీ అందినట్లు కాదు.

ఇంటి పిల్లికి కొలబద్ద ఎలుక. పిల్లి ఎలుకను తిన్నపుడు కండతో పాటు ఎముక, కాలేయం, గుండె, రక్తం, కొవ్వు అన్నీ లోపలికి పోతాయి. ముల్లు తీసిన చేప ముక్క అందులో ఒక భాగానికి మాత్రమే సమానం. ఇంట వండే ఆహారంలో ఆ మిగిలిన భాగాలను కూడా సమకూర్చడమే అసలు పని.

పులుసన్నం ఎందుకు చాలదు

ఇంట్లో వండిన చేపల పులుసులో అన్నం కలిపి పిల్లికి పెట్టడం పాత అలవాటు. ఇందులో మూడు దోషాలున్నాయి.

మొదటిది ఉల్లి, వెల్లుల్లి. వీటిలోని గంధక సంబంధమైన పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాలను చితికిపోయేట్లు చేసి రక్తహీనతను కలిగిస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఈ గుణం పోదు. పులుసులోని ముక్కను నీటిలో కడిగి పెట్టినా రసం ఇంకిన కండ సురక్షితం కాదు.

రెండవది ఉప్పు, కారం, చింతపండు. ఇవి పిల్లికి అవసరం లేనివి. ఉప్పు చేప విషయంలో ఇది మరీ ముఖ్యం. నానబెట్టి నీరు మార్చినా ఉప్పు పూర్తిగా పోదు గనుక, ఉప్పు చేపను పిల్లి ఆహారంగా లెక్కించకూడదు.

మూడవది అన్నం. పిల్లి మాంసం మీదనే ఆధారపడి జీవించే ప్రాణి. ఉడికిన అన్నాన్ని కొంతవరకు జీర్ణం చేసుకోగలదు గాని, పళ్ళెంలో సగానికి పైగా అన్నమే ఉంటే మాంసకృత్తులు చాలవు. టారిన్ అనే పదార్థం అసలే అందదు. కుక్క తన శరీరంలో టారిన్‌ను తయారు చేసుకోగలదు. పిల్లి తగినంత చేసుకోలేదు. టారిన్ లేని ఆహారంతో పిల్లి కంటిలోని రెటీనా క్షీణిస్తుందని 1975లో పరిశోధకులు నిరూపించారు. 1987లో అమెరికా పశువైద్యుడు పాల్ పియన్, ఆయన సహచరులు టారిన్ కొరతతో పిల్లి గుండె కండరం పలచబడి, గుండె ఉబ్బిపోతుందని, టారిన్ అందిస్తే చాలావరకు కోలుకుంటుందని కనుగొన్నారు. అప్పటి వరకు కర్మాగారాల ఆహారం తిన్న పిల్లులకూ ఈ జబ్బు వచ్చింది. ఆ తరువాతనే తయారీదారులు టారిన్ మోతాదు పెంచారు. గుండె కోలుకున్నా, చచ్చిపోయిన రెటీనా తిరిగి రాదు. చూపు మెల్లగా తగ్గుతుంది గనుక, అలవాటైన ఇంట్లో తిరిగే పిల్లి గుడ్డిదైన సంగతి యజమానికి ఆలస్యంగా తెలుస్తుంది.

చేపలోను, కోడి తొడ మాంసంలోను, గుండెలోను, రొయ్యలలోను టారిన్ ఉన్నది. కాని అది నీటిలో కరిగే గుణం కలది. చేపను ఉడికించి నీరు పారబోస్తే టారిన్‌లో ఎక్కువ భాగం ఆ నీటితోనే పోతుంది. అందువలన ఉడికించిన నీటిని ఆహారంలోనే కలపాలి.

పచ్చి చేపలో దాగిన కీడు

"పిల్లి పచ్చి చేపనే కదా తినేది" అని వండకుండా పెట్టేవారున్నారు. కార్ప్ వర్గపు మంచినీటి చేపలలో అనేక రకాలలోను, నెత్తళ్ళు, కవళ్ళ వంటి చిన్న సముద్రపు చేపలలోను థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. 1930ల దశకంలో అమెరికాలోని నక్కల పెంపకశాలలలో పచ్చి చేపలు మేపిన నక్కలకు పక్షవాతం వచ్చినపుడు ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. పిల్లి బి1 విటమిన్‌ను శరీరంలో ఎక్కువ కాలం నిల్వ ఉంచుకోలేదు. కొన్ని వారాలలోనే ఆకలి మందగిస్తుంది, చొంగ కారుతుంది. తల గుండెకు ఆనేట్లు మెడ కిందికి వాలిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, చివరకు మూర్ఛలు వస్తాయి. సకాలంలో బి1 విటమిన్ సూది మందు పడితే ఒకటి రెండు రోజులలోనే పిల్లి లేచి తిరుగుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

ఉడికిస్తే థయమినేజ్ నశిస్తుంది. పచ్చి చేపలోని బద్దెపురుగుల పిల్లలు, హానికర సూక్ష్మజీవులు కూడా చస్తాయి. అయితే బి1 విటమిన్ కూడా వేడికి కొంత నశించేదే. అందువలన చేపను ఎక్కువసేపు, ఇతర మాంసాన్ని తక్కువసేపు వేర్వేరుగా వండడం మంచిది. కింద ఇచ్చిన విధానం దీనికి అనుగుణంగానే ఉన్నది.

కొవ్వు చేపలు, పెద్ద చేపలు

సముద్రపు చేపలలోని నూనె మంచిదే. కాని ఆ నూనె త్వరగా పాడయ్యే స్వభావం కలది. శరీరంలో దానిని కాపాడడానికి ఇ విటమిన్ ఖర్చవుతుంది. రోజూ కొవ్వు చేపనే, ముఖ్యంగా తూర చేపనే తినే పిల్లికి ఇ విటమిన్ కొరవడి చర్మం కింది కొవ్వు వాచి, పసుపు రంగుకు తిరిగి, గట్టిపడుతుంది. అటువంటి పిల్లిని తాకితే నొప్పితో అరుస్తుంది. ఎత్తుకోనివ్వదు, దూకడానికి ఇష్టపడదు.

పెద్ద చేపలతో మరొక ప్రమాదం పాదరసం. చిన్న చేపను పెద్ద చేప, దానిని మరింత పెద్ద చేప తింటున్న కొద్దీ పాదరసం పేరుకుంటుంది. జపాన్ లోని మినమాత పట్టణంలో 1950ల దశకంలో రసాయన కర్మాగారం నుండి సముద్రంలో కలిసిన పాదరసం చేపలలోకి చేరింది. ఆ చేపలు తిన్న పిల్లులు తూలుతూ, గిరగిర తిరుగుతూ సముద్రంలో పడి చనిపోయాయి. 1956లో మనుషులలో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించడానికి ముందే పిల్లులు దానిని చూపించాయి. సొర, వంజరం, పెద్ద తూర వంటివి పిల్లికి నిత్యాహారం కారాదని ఈ చరిత్ర చెప్పే నీతి.

ఏ చేప మేలు

తక్కువ ఆయుర్దాయం గల చిన్న చేపలు పిల్లికి శ్రేష్ఠం. వాటిలో పాదరసం తక్కువ, ముళ్ళు మెత్తగా ఉడుకుతాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. సరిహద్దు జిల్లాలలో ఒకే చేపకు పలు పేర్లున్నందున కొనేటపుడు తికమక పడకుండా కొన్ని పేర్లు తెలిసి ఉండాలి. తెలుగులో నెత్తళ్ళు తమిళ అంగడిలో నెత్తిలి. కవళ్ళను అక్కడ మత్తి అంటారు. కానాగంత కర్ణాటక తీరంలో బంగుడె, మహారాష్ట్రలో బాంగడా. లోతట్టున చెరువులు, జలాశయాల చేపలే ఆధారం. తెలుగు వారి బొచ్చె ఒడిశాలో భాకుర, శీలావతి అక్కడ రొహి. ఈ పెద్ద కార్పుల ముళ్ళు గట్టివి గనుక ముల్లు పూర్తిగా తీసి కండ మాత్రమే వాడాలి. తమిళనాట కూడా జిలేబీగానే పిలిచే తిలాపియాకూ ఇదే నియమం. పులసలో సన్నముళ్ళు అనేకం. దానిని మనుషులకు వదిలివేయడమే మంచిది.

చేప తాజాదనం పిల్లికీ ముఖ్యమే. కళ్ళు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, ఒళ్ళు నొక్కితే గుంట పడకుండా ఉండాలి. మంచు లేకుండా గంటల తరబడి ఉంచిన కానాగంత, తూర వంటి చేపలలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. వండినా అది పోదు. అమ్ముడుపోని చేపను "పిల్లికి చాలులే" అని తేవడం వలన ఈ ముప్పు ఉన్నది. ఒళ్ళు ఉబ్బించుకునే చేపలు ఒడ్డున పారవేసి కనిపించినా పిల్లిని వాటి దగ్గరకు పోనీయరాదు. వాటి విషానికి వంట విరుగుడు కాదు. తీర గ్రామాలలో గాలం ముల్లు మింగిన పిల్లి నోటి నుండి దారం వేలాడుతుంటే, దానిని లాగకుండా వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు యాంత్రిక పడవల వేటపై 61 రోజుల నిషేధం అమలులో ఉంటుంది. ఆ రోజులలో సముద్రపు చేప ప్రియమవుతుంది. అప్పుడు ఉప్పు చేపకు మళ్ళకుండా, చెరువు చేప కండనో, కోడి మాంసం పాలు పెంచిన ఆహారాన్నో వాడుకోవచ్చు.

కావలసిన పదార్థాలు

4 కిలోల బరువున్న, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి నాలుగైదు రోజులకు సరిపోయే కొలత ఇది.

చిన్న చేపలు (మొప్పలు, పేగులు తీసి కడిగినవి): 500 గ్రాములు
కోడి తొడ మాంసం (ఎముక లేనిది, అందులో కొంత కోడి గుండె ఉంటే మేలు): 250 గ్రాములు
కోడి కాలేయం: 30 గ్రాములు
కోడిగుడ్డు: 1
నీరు: 1 గ్లాసు
గుడ్డు పెంకు పొడి: చిన్న చేపలను ముళ్ళతో వాడితే అర టీస్పూను; ముల్లు తీసిన పెద్ద చేప కండను వాడితే 1 టీస్పూను
మెత్తగా వండిన అన్నం: కావాలంటే 2 టేబుల్ స్పూన్లు
టారిన్, ఇ విటమిన్, బి విటమిన్లు: పశువైద్యుడు చెప్పిన మోతాదులో

గుడ్డు పెంకు ఎందుకన్న సందేహం రావచ్చు. కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం స్వల్పం. ఎలుక ఎముకలు తీర్చే ఈ లోటును ఇంటి వంటలో పెంకు పొడి తీరుస్తుంది. కాల్షియం లేకుండా నెలల తరబడి మాంసం మాత్రమే తిన్న పిల్లి పిల్లల ఎముకలు చిన్న దూకుడుకే విరుగుతాయి. కాలేయం ఎ విటమిన్ కోసం. క్యారెట్టు వంటి కూరలలోని రంగు పదార్థాన్ని పిల్లి శరీరం ఎ విటమిన్‌గా మార్చుకోలేదు. అయితే కాలేయం మితిమీరితే మెడ వెన్నుపూసలు అతుక్కుపోయే జబ్బు వస్తుంది. కనుక చెప్పిన కొలతను మించరాదు.

తయారు చేయు విధానము

1. గుడ్డు పెంకులను కడిగి, 10 నిమిషాలు నీటిలో మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తని పిండిగా కొట్టాలి. పలుకులు లేకుండా జల్లించాలి.

2. చేపలను గ్లాసు నీటితో ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి, మొదటి కూత వచ్చిన తరువాత సన్న సెగపై అరగంట నుండి ముప్పావు గంట ఉంచాలి. నెత్తళ్ళకు ఇంతకన్న తక్కువ చాలు. కానాగంతకు గంట వరకు పట్టవచ్చు. వెన్నుముల్లును వేళ్ళ మధ్య నలిపితే పిండి కావాలి. కాకపోతే మళ్ళీ ఉడికించాలి, లేదా ముల్లు తీసివేయాలి. సగం ఉడికిన ముల్లు గొంతులో గుచ్చుకునే ప్రమాదం ఉన్నది.

3. కోడి మాంసం, కాలేయం, గుండె ముక్కలను వేరే గిన్నెలో కొద్ది నీటితో, లోపలి ఎరుపు పోయేవరకు మాత్రమే ఉడికించాలి. చివర గుడ్డును అందులోనే కొట్టి గట్టిపడనివ్వాలి. పచ్చి తెల్లసొన పెట్టరాదు.

4. రెండు గిన్నెలలోని పదార్థాలను, వాటి నీటితో సహా కలిపి మెదపాలి. ఉప్పు, నూనె, పసుపు, మసాలా ఏవీ వేయనవసరం లేదు.

5. పూర్తిగా చల్లారిన తరువాతనే పెంకు పొడి, వైద్యుడు చెప్పిన మందుపొడులు కలపాలి.

6. రెండు రోజులకు సరిపడినది ఫ్రిజ్‌లో, మిగిలినది రోజుకొక డబ్బా చొప్పున డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. పెట్టేముందు గోరువెచ్చగా చేస్తే వాసన లేచి పిల్లి ఇష్టంగా తింటుంది. ఎండాకాలంలో పళ్ళెంలో అరగంటకు మించి మిగిలినది తీసివేయాలి.

రోజుకు సుమారు 200 గ్రాములు, రెండు మూడు సార్లుగా పెట్టాలి. పిల్లి బరువును నెలకొకసారి చూసి కొలతను తగ్గించడమో పెంచడమో చేయాలి. ఈ ఆహారంలో నీరు ఎక్కువ. పిల్లి స్వభావరీత్యా తక్కువ నీరు తాగే జంతువు గనుక ఇది పెద్ద మేలు, ముఖ్యంగా మూత్రం అడ్డుపడే బాధ ఎక్కువగా కనిపించే మగపిల్లులకు. పాలు అవసరం లేదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి.

అలవాటు చేయడం, మానుకోవడం

కొత్త ఆహారాన్ని ఒక్కసారిగా మార్చరాదు. పాత ఆహారంలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులలో పూర్తిగా మార్చాలి. "ఆకలి వేస్తే అదే తింటుంది" అని పస్తు ఉంచడం పిల్లి విషయంలో ప్రాణాంతకం. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా బొద్దు పిల్లులలో, కొవ్వు కాలేయంలో చేరి అది చెడిపోతుంది.

చేపను ప్రతి పూటా ప్రధానం చేయకుండా వారంలో రెండు మూడు రోజులకు పరిమితం చేసి, మిగిలిన రోజులలో కోడి, మేక మాంసాలతో ఇదే పద్ధతిలో వండడం క్షేమకరం. పిల్లులలో ఆహారపు పడనితనానికి తరచు కారణమయ్యే వాటిలో చేప ఒకటి. ముఖం, మెడ ఆగకుండా గోక్కుంటూ పుండ్లు పడితే చేపను మాన్పి చూడాలి. మూత్రపిండాల జబ్బున్న ముసలి పిల్లికి, చూడి పిల్లికి, ఏడాది నిండని పిల్లలకు పై కొలత తగదు. వాటి అవసరాలు వేరు.

కనిపెట్టవలసిన గుర్తులు

చీకటిలో వస్తువులకు తగలడం, వెలుగులో కూడా కంటిపాప విచ్చుకునే ఉండడం చూపు తగ్గుతున్నదనడానికి గుర్తులు. నిద్రలో కూడా వేగంగా ఊపిరి తీయడం, నోరు తెరిచి రొప్పడం గుండెకు సంబంధించినవి. మెడ వాలడం బి1 కొరతకు, తాకితే అరవడం ఇ కొరతకు, పాలిపోయిన చిగుళ్ళు రక్తహీనతకు సూచనలు. మాటిమాటికి కూర్చుని మూత్రం రాక మూలిగే మగపిల్లిని ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. వైద్యునికి ముందుగా చెప్పవలసినది పిల్లి గత మూడు నెలలుగా ఏమి తిన్నదన్న సంగతి.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యులు పిల్లుల కోసం పుస్తకాలలోను, ఇంటర్నెట్‌లోను ప్రచారంలో ఉన్న 114 ఇంటి వంట విధానాలను పరిశీలించారు. పోషకాలను లెక్కించ వీలైన వాటిలో ఒక్కటి కూడా అన్ని అవసరాలను తీర్చలేదని వారు తేల్చారు. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. పైన ఇచ్చిన విధానం కూడా టారిన్, విటమిన్లు కలపకపోతే అసంపూర్ణమే. వారానికి ఒకటి రెండు పూటలు మాత్రమే ఇంటి చేప పెట్టి, మిగిలిన పూటలు సంపూర్ణాహారపు పొట్లం వాడేవారికి ఈ లెక్కలతో అంత పట్టింపు లేదు. ఇంటి వంటనే నిత్యాహారం చేయదలచినవారు ఈ కొలతల కాగితాన్ని పశువైద్యునికి చూపి, మందుపొడుల మోతాదు రాయించుకుని, ఆరు నెలలకొకసారి పిల్లిని పరీక్ష చేయించాలి.